గడ్డి ఎత్తు నుంచి చూస్తే

జంతువులు మాట్లాడుకునే పుస్తకాలు పదేళ్ళలోపు పిల్లలకేననీ, ఆ వయసు దాటాక వాటిని అటకెక్కించి అసలైన సాహిత్యం మొదలుపెట్టాలనీ చాలామంది పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఈ మాట ఎప్పుడు విన్నా నాకు ఊరుకోబుద్ధి కాదు. ప్రాణభయం ఎలా ఉంటుందో, పదిమందిని వెంటబెట్టుకుని నడిపించడం ఎంత కష్టమో, కావలసినవాళ్ళు పోయాక మర్నాడు ఎలా తెల్లారుతుందో నేను మొదట చదువుకున్నది కుందేళ్ళ కథల్లో, ఎలుకల కథల్లో, ఒక సాలెపురుగు కథలో. తర్వాత పెద్ద పెద్ద నవలలు చాలానే చదివాను. కొన్ని నన్ను కుదిపేశాయి కూడా. కానీ ఆ చిన్నప్పటి పుస్తకాల్లో దొరికింది వాటిలో వేటిలోనూ అచ్చంగా అలాగే దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నేను మాట్లాడుతున్నది నీతికథల గురించి కాదని ముందే చెప్పాలి. నీతికథలో నక్క అంటే జిత్తులు, సింహం అంటే అధికారం, గాడిద అంటే తెలివితక్కువతనం. ఆ కథల మీద నాకు గౌరవమే. విష్ణుశర్మ పేరుతో మనకు అందిన పంచతంత్రం ఆరో శతాబ్దంలో పాత పర్షియన్ భాష పహ్లవీలోకి, ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్ళి, అక్కడి నుంచి సగం ప్రపంచం చుట్టింది. అంత దూరం నడిచిన కథల్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయితే వాటిలో నన్ను పట్టుకున్నది చివర్లో వచ్చే నీతివాక్యం మాత్రం ఏనాడూ కాదు. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలోని మిత్రలాభాన్నే తీసుకోండి. వేటగాడు తాబేలును కట్టేసి పట్టుకుపోతుంటే, జింక నీళ్ళ ఒడ్డున చచ్చినట్టు పడుకుంటుంది. కాకి దాని మీద వాలి ముక్కుతో పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలును కింద పెట్టి జింక వైపు నడవగానే ఎలుక వచ్చి కట్లు కొరికేస్తుంది. అంతే, ఎవరి దారి వారిది. తాబేలు నీళ్ళలోకి, కాకి ఆకాశంలోకి, జింక పొదల్లోకి. ఆ నాలుగు క్షణాల్లో ఎవరి ఒంటికి ఏది చేతనవునో అదే చేశారు. ఎలుకకు పళ్ళు, కాకికి రెక్కలు, జింకకు కాళ్ళు. పాపం తాబేలుకి మునగడం తప్ప ఏమీ రాదు. చిన్నప్పుడు నేను నీతి దాకా వెళ్ళకుండా ఆ ఘట్టం దగ్గరే వెనక్కి తిప్పి తిప్పి చదివేవాణ్ణి. నాకు కావలసిన సాహసకథంతా అక్కడే ఉంది. తర్వాతి కాలపు జంతు సాహస నవలలు అలాంటి ఘట్టాన్నే మూడు నాలుగు వందల పేజీలు సాగనిచ్చి, నీతివాక్యాన్ని పక్కన పెట్టేశాయి.

నా వాదన చిన్నదే. ఈ కథలు గొప్పవవడానికి కారణం జంతువు ఒళ్ళే. అది ఎంత దూరం చూడగలదు, ఎంతసేపు పరుగెత్తగలదు, ఏ వాసన పసిగడుతుంది, ఏ చప్పుడుకి బిగుసుకుపోతుంది, కథకు ఇవే హద్దులు కావాలి. రచయిత ఆ హద్దుల్ని పట్టించుకున్నంతసేపూ ధైర్యం నిజంగా ధైర్యంలా ఉంటుంది. అవసరం కొద్దీ ఎలుకను మనిషిని చేసేసిన మరుక్షణం కథలో బిగువు పోతుంది. పిల్లలకు ఇవన్నీ తెలియవనుకోకండి. వాళ్ళే ముందు పట్టేస్తారు. వాళ్ళూ తమకంటే ఎన్నో రెట్లు పెద్ద ఒళ్ళున్న జీవుల మధ్య, తమ కొలతలకు కట్టని ఇళ్ళలోనే కదా బతుకుతున్నది. తలుపు గడియ అందదు. కుర్చీ ఎక్కాలంటే పాకాలి. నిద్రపోతుంటే ఎవరో ఎత్తుకుని ఇంకో గదిలో పడుకోబెడతారు, లేచేసరికి లోకం మారిపోయి ఉంటుంది. గడ్డి ఎత్తు నుంచి చూసే హీరో వాళ్ళకు సొంత మనిషి.

ఈ విషయంలో రిచర్డ్ ఆడమ్స్ రాసిన 'వాటర్‌షిప్ డౌన్'ని మించింది నాకింకా కనబడలేదు. ఆడమ్స్ బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి. కారులో దూరప్రయాణాలప్పుడు ఇద్దరు కూతుళ్ళకు కాలక్షేపంగా చెప్పిన కథ అది. రాతప్రతిని చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపేశాక, 1972లో రెక్స్ కాలింగ్స్ అనే చిన్న ప్రచురణకర్త ధైర్యం చేసి వేశాడు. పిల్లల పుస్తకాలకు బ్రిటన్‌లో ఇచ్చే కార్నెగీ మెడల్ దానికి వచ్చింది. ఆడమ్స్ రాయడానికి కూర్చున్నప్పుడు, ఆర్. ఎం. లాక్లీ కుందేళ్ళ జీవితాన్ని పరిశీలించి 1964లో రాసిన పుస్తకం మీద ఆధారపడ్డాడు. ఆ ఋణం కథ పొడుగునా తెలుస్తూనే ఉంటుంది. ఈ కుందేళ్ళు కోట్లు తొడుక్కోవు, టీ తాగవు. వాటికి నాలుగు దాకానే లెక్క తెలుసు, ఆపైన ఎన్నున్నా బోలెడే. భయం మితిమీరితే కాళ్ళాడవు, ఉన్నచోటే కొయ్యబారిపోతాయి. పక్కనున్న కుందేలు దాన్ని పిరికితనం అని ఎగతాళి చేయదు. ఒంటికి అలా జరుగుతుందని దానికి తెలుసు కాబట్టి తోసో, కసిరో, ఎలాగోలా కదిలిస్తుంది.

సొంత బొరియ వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరిన కుందేళ్ళ గుంపు కథ ఇది. మొదలైన కాసేపటికే వాటికి ఒక ఏరు అడ్డమొస్తుంది. వెనక అడవిలో కుక్క తిరుగుతోంది. బలమున్నవాళ్ళు ఈదగలరు. ఫైవర్, పిప్‌కిన్ మాత్రం చిన్నవాళ్ళు, పైగా అలిసిపోయి ఉన్నారు. బ్లాక్‌బెర్రీ అనే కుందేలుకి ఒడ్డున ఒక చెక్కపలక కనబడుతుంది. ఆ ఇద్దర్నీ దాని మీద కూర్చోబెట్టి నెడితే అవతలికి చేరతారని తోస్తుంది. మనకిది తెప్ప, ఇందులో అబ్బురం ఏముంది? కానీ మిగతా కుందేళ్ళకు ఆ మాట బుర్రకెక్కదు. చెక్క నీళ్ళ మీద తేలడం, దాని మీద కూర్చున్నది కూడా తేలడం, ఈ రెండు సంగతుల్నీ కలిపి ఆలోచించడం వాటి వల్ల కాదు. నాయకుడు హేజెల్‌కి కూడా సరిగ్గా అందదు. అయినా బ్లాక్‌బెర్రీ తెలివి మీద నమ్మకంతో ఒప్పుకుంటాడు. మొట్టమొదట తెప్ప ఎక్కిన మనిషి గుండె ఎలా కొట్టుకుందో ఏ చరిత్ర పుస్తకమూ నాకు చెప్పలేదు. ఈ పేజీ చెప్పింది. నాకు తెలిసిన విషయాన్ని నాకు తెలియనట్టు చేసి, మళ్ళీ కొత్తగా కనిపెట్టనిచ్చింది. మనుషుల కథలో ఇది కుదరదు, ఎందుకంటే మనుషులు తెప్ప గురించి తెలియనట్టు నటిస్తే మనం నమ్మం.

ఆ తర్వాత కౌస్లిప్ అనే కుందేలు వీళ్ళను తన బొరియకు పిలుస్తాడు. అక్కడి కుందేళ్ళు నిగనిగలాడుతూ ఉంటాయి. రోజూ బయట మేత సిద్ధంగా పడి ఉంటుంది. నక్కల బెడద లేదు, దగ్గర్లో ఉన్న రైతు వాటిని కాల్చేస్తాడు. అక్కడివాళ్ళు కవిత్వం చెబుతారు, గోడల మీద రాళ్ళు పొదిగి బొమ్మలు చేస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు, అడిగినా వినబడనట్టే ఉంటారు. ఫలానావాడు ఎక్కడ అన్న ప్రశ్న. వీళ్ళలోకెల్లా బలవంతుడు బిగ్‌విగ్ మెడకు ఉచ్చు బిగుసుకున్న రోజున సంగతి తెలుస్తుంది. మేత వేసే చెయ్యే ఉచ్చులు కూడా పెడుతోంది. ఒక్కొక్కరూ మాయమవుతున్నా, మిగిలినవాళ్ళు మేత కోసం నోరు మూసుకుని బతుకుతున్నారు. ఫైవర్ సాయం కోసం పరుగెత్తుకుని వెళ్తే కౌస్లిప్ మాట వినిపించుకోనే వినిపించుకోడు. చివరికి స్నేహితులే మట్టి తవ్వి, ఉచ్చు కట్టిన కొయ్యమేకును పళ్ళతో కొరికి తెంపుతారు. మళ్ళీ అదే, పళ్ళు, గోళ్ళు, అంతే వాళ్ళ దగ్గర ఉన్నవి. సుఖం కోసం తెలిసిన నిజాన్ని తెలియనట్టు నటించే సమాజం ఎలా ఉంటుందో వివరించే వ్యాసాలు పెద్దయ్యాక చాలా చదివాను. ఆ బొరియలో నేను పడిన టెన్షన్ ఒక్క వ్యాసంలోనూ పడలేదు.

ఆ పుస్తకాన్ని మా అక్క నాకంటే ముందు చదివింది. ఇంగ్లీషు సగం అర్థమై, సగం అర్థంకాక నేను వెనకాల ఈదుతుంటే, బిగ్‌విగ్ బతుకుతాడా లేదా చెప్పమని ప్రాణం తీసేవాణ్ణి. "చెప్తే నువ్వు చదవవు, చదువు" అనేది. దాని మొహం చూసి ఏమైనా తెలుస్తుందేమోనని పేజీకోసారి తలెత్తి చూసేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు.

ఈ కథలో ప్రతినాయకుడు నక్క కాదు, గద్ద కాదు, జనరల్ వూండ్‌వర్ట్ అనే ఇంకో కుందేలు. చిన్నప్పుడు తల్లిని కళ్ళముందే వీజిల్ అనే చిన్న వేటజంతువు చంపేస్తే ఒంటరిగా మిగిలినవాడు. ఇంకెవరూ అలా చావకూడదని ఎఫ్రాఫా అనే బొరియను కట్టాడు. అక్కడ ప్రతి కుందేలు ఒంటి మీదా ఒక గుర్తు కొరికి ఉంటుంది. ఎవరు ఏ వేళకు బయటికి వచ్చి మేయాలో లెక్క ఉంటుంది. ప్రాణాలకు భద్రత ఉంది, ప్రాణం మాత్రం ఉసూరుమంటుంటుంది. వూండ్‌వర్ట్ దండు హేజెల్ బొరియ మీదికి వచ్చిన చివరి పోరాటంలో ఇరుకైన దారికి అడ్డంగా నిలబడ్డ బిగ్‌విగ్, మా నాయకుడు నన్నిక్కడ కాపలా ఉండమన్నాడు అంటాడు. వూండ్‌వర్ట్ గుండె ఆ మాటకు జారుతుంది. ఇంత బలవంతుడే ఒకరి ఆజ్ఞకు లోబడ్డాడంటే ఆ నాయకుడు ఇంకెంత భారీగా ఉంటాడో అనుకుంటాడు. నిజానికి హేజెల్ మామూలు కుందేలు. ఆ క్షణానికి కుంటుకుంటూ వెళ్ళి, పొలంలో కుక్కను శత్రువుల మీదికి వదలడానికి దాని కట్టుతాడు కొరుకుతున్నాడు. పెద్ద ఒళ్ళున్నవాడే పెద్దవాడు అన్న లెక్క తప్ప వూండ్‌వర్ట్‌కి ఇంకో లెక్క రాదు. నాయకుడంటే ఎవరు అన్న ప్రశ్నకు ఇంత సూటిగా, ఒక్క వాక్యం ఉపన్యాసం లేకుండా జవాబు చెప్పిన ఘట్టం నేను ఇంకెక్కడా చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో తన దళంలోని అధికారుల స్వభావాల్నే హేజెల్‌కి, బిగ్‌విగ్‌కి ఇచ్చానని ఆడమ్స్ తర్వాత చెప్పుకున్నాడు. చదువుతుంటే అది తెలిసిపోతుంది.

రాబర్ట్ సి. ఓబ్రైన్ 1971లో రాసిన 'మిసెస్ ఫ్రిస్బీ అండ్ ద రాట్స్ ఆఫ్ నిమ్' గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఇందులో హీరో ఒక చిట్టెలుక, భర్త పోయిన తల్లి. పొలంలో పడి ఉన్న ఒక సిమెంటు ఇటుక ఆమె ఇల్లు. వసంతం వస్తోంది, నాలుగు రోజులు పోతే రైతు ట్రాక్టరుతో దున్నేస్తాడు. ఇల్లు మారాలి. చిన్నకొడుకు తిమోతికి న్యుమోనియా. చలిలో బయటికి తీసుకొస్తే చచ్చిపోతాడు, తీసుకురాకపోతే నాగలి కింద పోతాడు. పుస్తకమంతా ఈ ఒక్క చిక్కుముడి మీద నడుస్తుంది. ప్రపంచాన్ని కాపాడే పని లేదు, కిరీటం లేదు, మంత్రం లేదు. రైతుకు అది మామూలు పొద్దు. ఆయన చెడ్డవాడేమీ కాదు, దున్నుకుంటున్నాడంతే. ఎలుకకు మాత్రం ప్రళయం.

సలహా కోసం ఆమె గుడ్లగూబ దగ్గరికి వెళ్తుంది. చిట్టెలుక తనంతట తాను గుడ్లగూబ తొర్రలోకి నడిచి వెళ్ళడం! గుడ్లగూబ ఈకల అంచుల్లో సన్నని కుచ్చులు ఉంటాయి, అందుకే ఎగిరినా చప్పుడు కాదు. ఎలుక వినికిడి ఎంత చురుకైనదైనా దాని రాక తెలియదు. ఈ సంగతి తెలిసి చదివితే ఆమె తొర్ర గుమ్మంలో నిలబడ్డ క్షణం ఎంత బరువో తెలుస్తుంది. కత్తి పట్టుకుని రాక్షసుడి మీదికి వెళ్ళే వీరుల కథలు నాకూ ఇష్టమే, కానీ ఆ వీరుడి చేతిలో కత్తి ఉంటుంది. ఈమె చేతిలో ఏమీ లేదు. ఈ కథలోని పెద్ద ఎలుకలు ప్రయోగశాల నుంచి తప్పించుకున్నవి. మందులు ఎక్కించి, చదవడం నేర్పిస్తే, తమ పంజరం తలుపు ఎలా తెరుచుకోవాలో రాసి ఉన్నది చదివి బయటపడ్డాయి. అంత తెలివి వచ్చాక, మనిషి దగ్గర దొంగిలించిన కరెంటుతో బతకడం సరైనదేనా అని వాటిలో వాటికి వాదన మొదలవుతుంది. పిల్లల పుస్తకం అని ఒక షెల్ఫులో పెట్టేస్తే ఈ వాదన పెద్దవాళ్ళ కంటపడేదెలా?

ఒళ్ళే హద్దు అన్న నా కొలతకు లొంగని పుస్తకం ఒకటుంది, కెన్నెత్ గ్రాహమ్ 1908లో వెలువరించిన 'ద విండ్ ఇన్ ద విల్లోస్'. అందులో టోడ్ అనే కప్పగారు మోటారుకారు నడుపుతారు, జైలుకు వెళ్తారు, చాకలామె బట్టలేసుకుని తప్పించుకుంటారు. ఆయన ఒళ్ళు ఎంతుంటుందో పేజీకో రకంగా ఉంటుంది. నవ్వుకున్నాను కానీ టోడ్ గురించి ఏనాడూ బెంగపడలేదు. అదే పుస్తకంలో మోల్ తన పాత ఇంటి వాసన పసిగట్టే అధ్యాయం చదివి మాత్రం గొంతు పట్టేసింది. చలికాలపు చీకటిలో స్నేహితుడు రాట్ వెనకాల నడుస్తున్నాడు. నేలలో తొలుచుకుని బతికే, చూపు ఆనని జీవికి లోకమంతా ముక్కుతోనే. ఉన్నట్టుండి గాలిలో ఒక వాసన తగిలి, తాను వదిలేసి వచ్చిన ఇల్లు రమ్మని పిలుస్తుంది. ఆగమని కేకేస్తాడు. రాట్ ముందుకు వెళ్ళిపోయాడు, మంచు పడేలా ఉంది, వినబడలేదు. మోల్ ఆ పిలుపును తెంపుకుని స్నేహితుడి వెంట నడుస్తాడు. కొంతదూరం పోయాక కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. రాట్‌కి సంగతి తెలిశాక చేసే పని ఒక్కటే, వెనక్కి తిరిగి నడవడం. చెబితే రెండు ముక్కల కథ. కానీ కప్ప కారు నడిపిన వంద పేజీలకంటే ఈ కొద్ది పేజీలే నాకు గుర్తుండిపోయాయి. ఇక్కడ మోల్ నిజంగా మోల్‌గా ఉన్నాడు, మోల్‌గా ఉన్నందుకే మనకు దగ్గరయ్యాడు.

ఇక రెడ్‌వాల్ పుస్తకాలు. వీటి మీద నాకు ప్రేమ ఎంతో, తగాదా అంత.

బ్రయాన్ జాక్స్ లివర్‌పూల్‌లో పాలు వేసే పని చేసేవాడు. పాలు వేసే చోట్లలో అంధబాలల పాఠశాల ఒకటి. అక్కడి పిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తూ, ఉన్నవి నచ్చక, వాళ్ళ కోసం తానే రాయడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఆయనకు పాఠాలు చెప్పిన మాస్టారు ఆ రాతప్రతిని ఆయనకు చెప్పకుండానే ప్రచురణకర్తకు చూపించాడు. 1986లో మొదటి పుస్తకం వచ్చింది. 2011లో ఆయన పోయేనాటికి ఈ వరసలో మొత్తం 22 నవలలు రాశాడు. చూపులేని పిల్లల కోసం రాసినవి కాబట్టే వాటిలో ప్రతిదీ చెవికి, ముక్కుకి, నాలుకకు, వేళ్ళకు తగులుతుంది. గంట మోత, తడి రాయి, వేడివేడి విందు. చిన్నప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. ఎందుకో ఈ పుస్తకాలు కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనబడతాయనిపించేది. ముందు పేజీల్లో మ్యాప్ ఉండేది. కథ మధ్యలో నలభైసార్లయినా ఆ మ్యాప్ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి, వీళ్ళు ఇప్పుడు ఇక్కడున్నారు, శత్రువులు అక్కడున్నారు అని లెక్క వేసుకునేవాణ్ణి. రెడ్‌వాల్ అనే మఠం గోడల వెనక చిట్టెలుకలు, నీరుకుక్కలు, బ్యాడ్జర్లు. గోడ బయట క్లూనీ అనే ఎలుక, వాడి దండు. ఆ గోడ మీద నేనూ కాపలా కాశాను.

తగాదా ఎక్కడంటే, ఈ లోకంలో మంచీ చెడూ పుట్టుకతో వస్తాయి. చిట్టెలుక మంచిది, పెద్ద ఎలుక చెడ్డది. నీరుకుక్క మంచిది, ముంగిసలా ఉండే ఫెరెట్ చెడ్డది. పిల్లాడిగా ఇది హాయిగా ఉండేది, ఎవరిని నమ్మాలో పేరు వినగానే తెలిసిపోతుంది. తర్వాత 1995లో వచ్చిన 'అవుట్‌కాస్ట్ ఆఫ్ రెడ్‌వాల్' చదివాను. వీల్ అనే ఫెరెట్ పసికందును మఠంలో బ్రయొనీ అనే చిట్టెలుక పెంచుతుంది. ప్రేమగా పెంచినా వాడు చెడ్డవాడే అవుతాడు. చివర్లో ఆమె మీదికి వస్తున్న ఈటెకు అడ్డుపడి చచ్చిపోతాడు. ఇంత చేశాక కూడా, వాడు నిజంగా చెడ్డవాడే అన్న నిర్ణయానికే ఆమె వస్తుంది. 2001 నాటి 'టాగరంగ్'లో దీనికి తిరగేసిన కథ ఉంది. దొంగల ముఠా ఎత్తుకుపోయి పెంచిన నీరుకుక్క పిల్లవాడు వాళ్ళ మధ్య ఉండి కూడా మంచివాడుగానే ఎదుగుతాడు. రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెడితే తేలేది ఒకటే, పెంపకం ఏమీ చేయలేదు, పుట్టుకే అంతా చేసింది. ఈ మాటను నేను ఒప్పుకోను. ఎంత ఇష్టమైన రచయిత చెప్పినా ఒప్పుకోను. ఏ జాతిలో పుట్టినవాణ్ణి ఆ జాతి గుణంతోనే కొలవాలి అన్న మాట పిల్లల చెవిలో తియ్యగా వేయకూడదు.

అలాగని ఆ పుస్తకాలు పిల్లలకు ఇవ్వొద్దని అనను. ఇవ్వండి, పక్కన కూర్చుని వీల్ గురించి వాదించండి. నా ఉద్దేశంలో ఆయన తప్పింది ఎక్కడో కూడా చెప్పొచ్చు. ఫెరెట్ వేటాడే జంతువు, దాని ఒంటికి అది సహజం, అందులో పాపం లేదు. ఆ సహజగుణాన్ని తీసుకొచ్చి నైతిక గుణం చేసేశాడు. ఆడమ్స్ ఆ పని చేయలేదు. ఆయన పుస్తకంలో నక్క నక్కే, దానికి ఆకలేస్తుంది. క్రూరత్వం మాత్రం కుందేలులోనే పుట్టింది, భయం నుంచి పుట్టింది.

ఇ. బి. వైట్ 1952లో రాసిన 'షార్లెట్స్ వెబ్'లో టెంపుల్టన్ అనే ఎలుక ఉంటాడు. స్వార్థపరుడు, తిండిపోతు. పని చెబితే నాకేంటి అంటాడు. చివర్లో అతి ముఖ్యమైన పని అతని చేతే అవుతుంది, అదీ లంచం ఒప్పుకున్నాకే. మంచివాడుగా మారిపోయాడని రచయిత మనల్ని మభ్యపెట్టడు. అలాంటి ఎలుక ఒక్కడుంటే పుస్తకం ఎంత నిజంగా ఉంటుందో!

ఇక చావు గురించి. పెద్దవాళ్ళకు ఈ పుస్తకాలతో పేచీ వచ్చేది ఇక్కడే. బియాట్రిక్స్ పాటర్ రాసిన పీటర్ రాబిట్ 1902 నాటిది, చిన్నారి చేతుల్లో ఇమిడే బుల్లి పుస్తకం. అందులో కూడా మొదట్లోనే తల్లి పిల్లలకు చెబుతుంది, ఆ తోటలోకి పోకండి, మీ నాన్నను అక్కడే పట్టుకుని వండేశారని. ఏ తల్లీ ఇలా మాట్లాడదని మనం అనుకోవచ్చు. కుందేలు తల్లి ఇలాగే మాట్లాడాలి. కళ్ళు తలకు రెండు పక్కలా పెట్టుకుని, దాదాపు చుట్టూ చూస్తూ మేసే జీవి అది. దాని బతుకులోంచి చావును తీసేస్తే మిగిలేది బొమ్మ.

కిందటి ఏడాది మా అక్క కూతురికి షార్లెట్ కథ రోజూ రాత్రి కొంత చొప్పున చదివి వినిపించాను. షార్లెట్ చనిపోయే అధ్యాయం వచ్చిన రోజు మా బావ తలుపు దగ్గర నిలబడి, "ఆ పేజీ దాటెయ్, పడుకునే ముందు ఎందుకు ఏడిపించడం" అన్నాడు. ఆయనకు కూతురి మీద ఉన్న ప్రేమ అది, నాకు అర్థమైంది. అయినా దాటించలేదు. షార్లెట్ కొట్టాల్లో గూడు కట్టే జాతి సాలెపురుగు. వైట్ సాలెపురుగుల గురించి శాస్త్రగ్రంథాలు చదివి మరీ రాశాడు. గుడ్లు పెట్టాక ఆమె ఒంట్లో ఇంక శక్తి ఉండదు. స్నేహితుడు విల్బర్ అనే పందిని బతికించింది కానీ తాను ఇంటిదాకా తిరిగి వెళ్ళలేదు. సంతగుడారాలన్నీ ఎత్తేసిన చోట ఒంటరిగా పోతుంది. చదువుతుంటే నా గొంతే మారింది. పాప ఏడవలేదు. కాసేపు ఊరుకుని, "మావయ్యా, విల్బర్ గుడ్ల సంచి నోట్లో పెట్టుకున్నాడు కదా, తడిసిపోదా?" అంది. వెనక్కి పేజీలు తిప్పి చూపించాను. ఆ సంచి నీళ్ళకు తడవదని షార్లెట్ ముందే చెప్పింది. అందులో 514 గుడ్లున్నాయని కూడా చెప్పింది. పాప ఆ వాక్యాన్ని వేలు పెట్టి తానే మళ్ళీ చదువుకుంది. "అయితే ఆవిడకి ముందే తెలుసు" అంది.

ఏం తెలుసు అని నేను అడగలేదు. మా బావ కూడా అడగలేదు, వచ్చి మంచం చివర కూర్చున్నాడు. మర్నాడు పాప అడిగింది తర్వాతి అధ్యాయమే, సాలెపిల్లలు పుడతాయా లేదా అని. ఆ పేజీ దాటేసి ఉంటే, షార్లెట్ ఏమైందన్న ప్రశ్న పాప మనసులో ఉండిపోయేది. అడిగితే మేము ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాళ్ళం. కౌస్లిప్ బొరియలో చేసేది అదే కదా.

జంతువులు ఇలా ఆలోచించవు, ఇదంతా అబద్ధం, పిల్లలకు ప్రకృతి గురించి తప్పుడు అభిప్రాయం కలుగుతుంది అని ఇంకో అభ్యంతరం ఉంది. కొంత నిజమే. టోడ్‌ని చూసి కప్పల గురించి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. కానీ శ్రద్ధగా రాసిన పుస్తకాలు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాయి. కుందేలు ప్రమాదం పసిగడితే వెనక కాలితో నేలను దబదబా కొడుతుందని నాకు తెలిసింది నవల్లోంచి. గద్ద నీడ పడగానే కింద పక్షులన్నీ ఎందుకు ఒక్కసారి నోరు మూసుకుంటాయో గమనించడం మొదలైంది నవల చదివాకే. కుందేళ్ళు కథలు చెప్పుకోవని పాఠకుడికి తెలుసు, ఎంత చిన్న పాఠకుడికైనా తెలుసు. కుందేలు బతుకు ఎంత ప్రమాదకరమైనదో మాత్రం ఆ కథ చదవకముందు చాలామందికి తెలియదు.

పెద్దయ్యాక మళ్ళీ చదివితే కనబడేవి వేరు. 'వాటర్‌షిప్ డౌన్'లో ఆడ కుందేళ్ళకు మాట తక్కువ. కొత్త బొరియకు చేరాక గానీ, మనలో ఆడవాళ్ళే లేరే అని ఎవరికీ గుర్తురాదు. ఎఫ్రాఫాలో హైజెన్‌త్లే అనే ఆడ కుందేలుకి ఉన్నంత తెలివి, తెగువ మగవాళ్ళలో చాలామందికి లేవు, అయినా ఆమె కథ సగంలోనే మొదలవుతుంది. ఈ లోటు నాకు గుచ్చుకుంటుంది. ఇంకో పక్క మిసెస్ ఫ్రిస్బీ ముందుకన్నా ఇప్పుడు ఎత్తుగా కనబడుతోంది. చిన్నప్పుడు నాకు ఆ చదువుకున్న ఎలుకలే హీరోలు. ఇప్పుడు చదువుతుంటే, జ్వరంతో ఉన్న కొడుకు పక్కన కూర్చుని రాత్రి చలి ఎంత పెరుగుతుందో లెక్కవేసుకునే తల్లే కనబడుతోంది.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్నది హేజెల్ కథ. బావ కూడా వింటున్నాడు, మధ్యలో ఫోన్ వస్తే కట్ చేసేస్తున్నాడు. మొన్న ఆ రోజు భాగం పూర్తయ్యేసరికి వూండ్‌వర్ట్ గురించి గొడవ వచ్చింది. కుక్క మీదికి ఎదురెళ్ళాక వాడి శవం ఎవరికీ దొరకలేదని రచయిత వదిలేశాడు. కుక్క చంపేసిందని బావ అంటాడు, అంత పెద్ద కుక్క ముందు కుందేలు ఎంతసేపు ఆగుతుందని ఆయన లెక్క. పాప ఒప్పుకోలేదు. కుక్క నోట్లో పట్టుకుంటే ఒంటి మీద రక్తం ఉండాలి కదా, ఉందని పుస్తకంలో ఎక్కడ రాశారో చూపించమంది. ఆయన ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాడు. నేను పాప పక్షమే.